బోరు మోటారు నిజంగా ఎన్ని వాట్లు లాగుతోంది? ఏసీలో రియల్ పవర్ లెక్క

బోరుపంపు_415
అపార్ట్‌మెంట్ బోరులో 5 హెచ్‌పీ త్రీ ఫేజ్ సబ్‌మెర్సిబుల్ మోటారు ఉంది. ప్లేటు మీద 3.7 కిలోవాట్లు, 415 వోల్టులు అని ఉంది. మోటారు నడుస్తుండగా స్టార్టర్ దగ్గర తీసిన రీడింగులు ఇవి (ఆర్, వై, బీ అంటే మూడు ఫేజులు):

ఆర్–వై 408, వై–బీ 412, బీ–ఆర్ 405 వోల్టులు
ఆర్ 7.9, వై 8.3, బీ 7.6 ఆంపియర్లు

√3 × వోల్టేజీ × కరెంటు వేస్తే 5.6 వస్తోంది. ప్లేటేమో 3.7 అంటోంది. గంట నడిస్తే ఎన్ని యూనిట్లు కాలుతుందో కమిటీకి చెప్పాలి. ఈ రెంటిలో ఏది రాయమంటారు?

ఫేజర్
రెండూ రాయకండి.

ప్లేటు మీది 3.7 కిలోవాట్లు షాఫ్టు దగ్గర బయటికి వచ్చే పవర్. 5 × 746 = 3730 వాట్లు, అదే 3.7. మోటారులో రాగి నష్టం, ఇనుము నష్టం, బేరింగుల రాపిడి అన్నీ పోగా మిగిలేది అది. ఫుల్ లోడ్‌లో సప్లై నుంచి తీసుకునేది దానికంటే ఎక్కువే ఉంటుంది.

మీకొచ్చిన 5.6 కేవీఏ. సగటు వోల్టేజీ 408.3, సగటు కరెంటు 7.93. √3 × 408.3 × 7.93 = 5608 వీఏ. ఇది అపరెంట్ పవర్. మీటరు తిరిగేది దీని మీద కాదు.

రియల్ పవర్ అంటే ప్రతి క్షణంలోనూ ఆ క్షణపు వోల్టేజీని ఆ క్షణపు కరెంటుతో గుణించి, ఆ గుణకారాలన్నిటికీ పూర్తి సైకిళ్ళ మీద సగటు తీస్తే వచ్చేది. వరస ముఖ్యం: ముందు గుణకారం, తర్వాత సగటు. మీరు చేసింది తలకిందులు. వోల్టేజీకి విడిగా ఆర్‌ఎంఎస్ (వర్గాల సగటుకు వర్గమూలం, మీటరు చూపే విలువ ఇదే), కరెంటుకి విడిగా ఆర్‌ఎంఎస్ తీసి ఆ తర్వాత గుణించారు. అలా చేస్తే ఏ క్షణంలో వోల్టేజీ ఎంత ఉండగా కరెంటు ఎంత ఉందన్న సంగతి లెక్కలోంచి జారిపోతుంది. మోటారులో కరెంటు వెనకబడి ఉంటుంది కాబట్టి సైకిల్‌లో కొంతసేపు వోల్టేజీ ప్లస్‌లో ఉండగా కరెంటు ఇంకా మైనస్‌లోనే ఉంటుంది. అప్పుడు గుణకారం మైనస్, అంటే ఆ కాసేపు మోటారే సప్లైకి వెనక్కి ఇస్తోంది. సగటులో అది తీసివేతకు పోతుంది.

రెండూ శుద్ధమైన సైన్ తరంగాలైతే ఈ సగటు కుదించుకుని వీ × ఐ × కాస్ ఫై అవుతుంది. ఫై అంటే కరెంటు వోల్టేజీకి వెనకబడిన కోణం, ఆ కాస్ ఫైనే పవర్ ఫ్యాక్టర్ అంటారు. త్రీ ఫేజ్‌లో మూడు ఫేజులూ సమంగా ఉంటే √3 × లైన్ వోల్టేజీ × లైన్ కరెంటు × కాస్ ఫై. మీ దగ్గర కాస్ ఫై లేదు. అది లేకుండా లెక్క ముందుకు పోదు.

రెండోరీడింగ్
ఇంత గొడవెందుకు సార్. మోటారంటే 0.8 వేసుకోవడమే. 5.6 × 0.8 = 4.5 కిలోవాట్లు. గంటకు నాలుగున్నర యూనిట్లు. అయిపోయింది.

ఫేజర్
@రెండోరీడింగ్ గారూ, 0.8 అనేది ఫుల్ లోడ్ దగ్గరి మాట. లోడ్ తగ్గితే కరెంటు అంతగా తగ్గదు, పవర్ ఫ్యాక్టర్ మాత్రం పడిపోతుంది. అయస్కాంత క్షేత్రం నిలబెట్టే కరెంటు నీళ్ళు ఎత్తినా ఎత్తకపోయినా కావాల్సిందే. ఏ పనీ లేకుండా ఊరికే తిరిగే ఇండక్షన్ మోటారు కూడా ఫుల్ లోడ్ కరెంటులో మూడో వంతు నుంచి సగం దాకా లాగుతుంది. అప్పుడు పవర్ ఫ్యాక్టర్ 0.2 చుట్టుపక్కల ఉంటుంది. అక్కడ కూడా 0.8 వేస్తే నాలుగు రెట్లు ఎక్కువ చూపిస్తారు. ఇంపెల్లర్ అరిగిన పంపు, నీళ్ళు అందని పంపు ఈ బాపతే. క్లాంప్ మీటరు మీద కరెంటు ఫరవాలేదనిపిస్తుంది, పని మాత్రం జరగదు.

ఈ ప్రశ్నకు 4.5 దగ్గరగానే ఉండొచ్చు. కాకపోతే అది కొలిచింది కాదు, ఊహించింది.

లైన్‌సైడ్
కాస్ ఫై కోసం వెతకక్కర్లేదు, రియల్ పవర్ కొలిచే పరికరం మీ గోడకే ఉంది. ఎనర్జీ మీటరు వాడుకోండి.

1. మీటరు ముఖం మీద ఇంపల్స్ సంఖ్య అచ్చేసి ఉంటుంది, ఒక యూనిట్‌కు ఇన్ని అని. సింగిల్ ఫేజ్‌లో 3200 తరచుగా కనిపిస్తుంది, త్రీ ఫేజ్‌లో అంతకంటే తక్కువ ఉంటుంది. మీ మీటరు మీద ఎంతుందో అదే తీసుకోండి.
2. లిఫ్టు, కారిడార్ లైట్లు, సీసీ కెమెరాలు అదే మీటరు మీద ఉంటే ఆపేయండి. ఆపడం కుదరదంటే మోటారు ఆపి ఆ మిగతా లోడు ఎంతో ఇదే పద్ధతిలో కొలిచి తీసేయండి.
3. మోటారు వేసి అయిదు నిమిషాలు వదిలేయండి. డెలివరీ పైపు నిండి ప్రవాహం కుదురుకోవాలి.
4. ఎర్ర లైటు మొదటి మెరుపును సున్నా అని లెక్కపెట్టండి, ఒకటి అని కాదు. స్టాప్‌వాచ్ అక్కడే నొక్కాలి. ఒక నిమిషం తగ్గకుండా లెక్కించాలి.
5. కిలోవాట్లు = 3600 × మెరుపులు ÷ (ఇంపల్స్ సంఖ్య × సెకన్లు).

త్రీ ఫేజ్ మీటర్ల మీద రెండు లైట్లు ఉండొచ్చు. ఒకటి కేడబ్ల్యూహెచ్‌కి (రియల్ పవర్, అంటే యూనిట్లు), రెండోది కేవీఏఆర్‌హెచ్‌కి (రియాక్టివ్ పవర్, అంటే పనిగా మారకుండా సప్లైకీ మోటారుకీ మధ్య అటూ ఇటూ తిరిగేది). పక్కన రాసి ఉంటుంది, చూసి లెక్కపెట్టండి. రెండోదాన్ని లెక్కపెట్టి రియల్ పవర్ అనుకుంటే మొత్తం తప్పుతుంది.

బోరుపంపు_415
లిఫ్టు, లైట్లు ఆపి చూశాం. మీటరు మీద 800 అని ఉంది. 62 సెకన్లకు 60 మెరుపులు.

లైన్‌సైడ్
3600 × 60 ÷ (800 × 62) = 4.355 కిలోవాట్లు. గంటకు 4.36 యూనిట్లు అని రాసేయండి.

ఫేజర్
ఇప్పుడు మిగతావి వాటంతటవే వస్తాయి. పవర్ ఫ్యాక్టర్ = 4355 ÷ 5608 = 0.777. రియాక్టివ్ పవర్ = √(5608² − 4355²) = 3533 వీఏఆర్.

ఒక జాగ్రత్త. వోల్టేజీ, కరెంటు రీడింగులు ఒకప్పుడు, మెరుపుల లెక్క ఇంకొకప్పుడు తీస్తే ఈ 0.777కి అర్థం లేదు. సాయంత్రం వోల్టేజీ 390కి పడితే కరెంటు మారుతుంది, అయస్కాంతీకరణ కరెంటు మరీ మారుతుంది. మూడూ ఒకే పది నిమిషాల్లో తీయాలి.

రెండోరీడింగ్
సరే, నా 4.5కీ మీ 4.36కీ మూడు శాతమే తేడా 😄 అయితే 0.777 అంటే తక్కువేగా. 2 కేవీఏఆర్ కెపాసిటర్ పెడితే బిల్లు తగ్గుతుంది కదా?

లైన్‌సైడ్
కేడబ్ల్యూహెచ్ మీద బిల్లు వచ్చే కనెక్షన్‌కి తగ్గదు. లెక్క వేసి చూడండి.

5 హెచ్‌పీకి 2 కేవీఏఆర్ మామూలుగా పెట్టే సైజే. కాకపోతే కెపాసిటర్ మీద 440 వోల్టులు అని ఉంటే మీ 408 దగ్గర అది 2 ఇవ్వదు. వోల్టేజీ నిష్పత్తి వర్గం చొప్పున తగ్గుతుంది: 2 × (408 ÷ 440)² = 1.72 కేవీఏఆర్. 3533లోంచి 1720 తీస్తే 1813 మిగులుతుంది. కొత్త అపరెంట్ పవర్ √(4355² + 1813²) = 4717 వీఏ. పవర్ ఫ్యాక్టర్ 0.923. లైన్ కరెంటు 7.93 నుంచి 6.67కి దిగుతుంది.

4355 వాట్లు మాత్రం అలాగే ఉన్నాయి. మోటారు చేసే పని మారలేదు, మీటరు తిరిగే వేగమూ మారదు. తగ్గేది కెపాసిటర్‌కి వెనక, సప్లై వైపు ఉన్న తీగల్లో వేడి. (6.67 ÷ 7.93)² = 0.71, అంటే ఆ తీగల నష్టంలో 29 శాతం ఆదా. మీటరు నుంచి స్టార్టర్ దాకా ఉన్న తీగ కొద్ది మీటర్లే అయితే అది కొద్ది వాట్ల లెక్క. కెపాసిటర్‌కీ మోటారుకీ మధ్య తీగలో, అంటే బోరులోకి దిగిన కేబుల్‌లో, కరెంటు పాత 7.93 యే. క్లాంప్ అక్కడ పెట్టి "కెపాసిటర్ పని చేయట్లేదు" అనేవాళ్ళు ఉంటారు.

కేవీఏహెచ్ (అపరెంట్ పవర్) మీద బిల్లు వచ్చే కనెక్షన్లలో కథ వేరు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండింట్లోనూ హెచ్‌టీ (హై టెన్షన్) వినియోగదారులకు అదే పద్ధతి. అక్కడ పవర్ ఫ్యాక్టర్ 0.777 నుంచి 0.923కి వస్తే బిల్లు మీద నేరుగా కనిపిస్తుంది.

ఇళ్ళల్లో ప్లగ్గులో పెట్టుకునే "పవర్ సేవర్" పెట్టెలకూ ఇదే జవాబు. విప్పితే కొద్ది మైక్రోఫారడ్‌ల కెపాసిటర్, ఒక లైటు. ఇంటి మీటరు రియల్ పవర్‌నే లెక్కపెడుతుంది. ఆ పెట్టె దాన్ని తగ్గించదు, తన సొంత లైటు ఖర్చు కలుపుతుంది.

ఫేజర్
కెపాసిటర్ పెట్టేవాళ్ళకి ఇంకో రెండు మాటలు. ఓవర్‌లోడ్ రిలేకీ మోటారుకీ మధ్య కలిపితే రిలేకి కనిపించేది 6.67 ఆంపియర్లే, కాబట్టి దాని సెట్టింగు ఆ మేరకు దించాలి. దించకపోతే మోటారు ఓవర్‌లోడ్ అయినా రిలే ఆలస్యంగా పడుతుంది. రెండోది, మోటారు ఖాళీగా తిరిగేటప్పుడు తీసుకునే కేవీఏఆర్‌లో 90 శాతం దాటి కెపాసిటర్ కలపకూడదు. దాటితే కాంటాక్టర్ తెరుచుకున్నాక మోటారు కాసేపు జనరేటర్‌లా తనంతట తానే వోల్టేజీ పుట్టిస్తుంది. ఆ సమయంలో మళ్ళీ సప్లై తగిలితే షాఫ్టు మీదా వైండింగు మీదా దెబ్బ పడుతుంది.

ల్యాబ్‌టేబుల్
డిప్లొమా, బీటెక్ పిల్లలు చదువుతారు కాబట్టి ఇదే మోటారుకి రెండు వాట్‌మీటర్లు పెడితే ఏం కనిపిస్తుందో రాస్తున్నాను. మూడు తీగల సప్లైకి రెండు వాట్‌మీటర్లు చాలు. తీగలు ఎన్నో అంతకంటే ఒకటి తక్కువ చాలన్నది 1893 నాటి బ్లాండెల్ సిద్ధాంతం. లోడు సమంగా లేకపోయినా, తరంగం వంకరగా ఉన్నా మొత్తం సరిగానే వస్తుంది. √3 సూత్రానికి ఆ సౌకర్యం లేదు.

మొత్తం 4355. రెండు రీడింగుల తేడా రియాక్టివ్ పవర్ ÷ √3 = 3533 ÷ 1.732 = 2040. కాబట్టి ఒకటి 3197, ఇంకొకటి 1158 వాట్ల దగ్గర నిలబడతాయి. ఇక్కడి నుంచి వెనక్కి వెళ్ళాలంటే: టాన్ ఫై = √3 × తేడా ÷ మొత్తం = 0.811, ఫై 39 డిగ్రీలు, కాస్ ఫై 0.777.

పిల్లలు బోల్తా పడేది పవర్ ఫ్యాక్టర్ 0.5 కిందికి వెళ్ళినప్పుడు. సరిగ్గా 0.5 దగ్గర ఒక మీటరు సున్నా. ఇంకా తగ్గితే ఆ ముల్లు వెనక్కి కొట్టుకుంటుంది. అప్పుడు కరెంట్ కాయిల్ తీగలు అటుదిటు మార్చి రీడింగు తీసుకుంటారు, ఆ రీడింగును తీసేయాలి. మార్చిన సంగతి మరిచి రికార్డులో కలిపేస్తారు. నో లోడ్ పరీక్షలో రెండు రీడింగులు 900, 500 అనుకోండి, రెండోది తిప్పి తీసింది. రియల్ పవర్ 400 వాట్లు. కలిపేస్తే 1400. నో లోడ్ నష్టం మూడున్నర రెట్లయి కూర్చుంటుంది, ఆ తర్వాత వేసే ఎఫిషియెన్సీ లెక్కలన్నీ దాని మీదే కూలిపోతాయి.

నో లోడ్ పరీక్షకు ఎల్‌పీఎఫ్ వాట్‌మీటరు (తక్కువ పవర్ ఫ్యాక్టర్‌కి చేసినది, ప్లేటు మీద కాస్ ఫై 0.2 అని ఉండేది) వాడండి. యూపీఎఫ్ (పవర్ ఫ్యాక్టర్ 1కి చేసిన) మీటరు ముల్లు ఆ కొద్దిపాటి పవర్‌కి అడుగునే పడి ఉంటుంది. గుణకం = వోల్టేజీ రేంజి × కరెంటు రేంజి × ప్లేటు మీది కాస్ ఫై ÷ పూర్తి స్కేలు గీతలు. 600 వోల్టులు, 5 ఆంపియర్లు, యూపీఎఫ్, 1500 గీతలు అయితే గుణకం 2. ఎల్‌పీఎఫ్ మీటరులో ఆ 0.2తో గుణించడం మరవకూడదు.

న్యూట్రల్‌లో కరెంటు పారే నాలుగు తీగల సప్లైలో ఈ పద్ధతి చెల్లదు. అక్కడ మూడు వాట్‌మీటర్లు కావాల్సిందే.

చిప్పుచోక్
మేడమ్, వాట్‌మీటరే లేనివాళ్ళకి? ఒక మంచి మల్టీమీటరు ఉంది, సింగిల్ ఫేజ్ లోడు, చిన్నది. ట్యూబ్‌లైట్ చోక్ ఒక్కదాని నష్టం ఎంతో తేల్చాలి.

ల్యాబ్‌టేబుల్
మూడు వోల్టుమీటర్ల పద్ధతి ఉంది. మీటరు ఒక్కటే చాలు, మూడు చోట్ల పెట్టండి. చోక్‌కి వరసలో 100 వాట్ల పాత ఫిలమెంట్ బల్బు కలపండి. సప్లై మీద, బల్బు మీద, చోక్ మీద వోల్టేజీలు, వాటితో పాటు కరెంటు కావాలి.

పవర్ = కరెంటు × (సప్లై² − బల్బు² − చోక్²) ÷ (2 × బల్బు)

ఉదాహరణకి సప్లై 228, బల్బు 160, చోక్ 142 వోల్టులు, కరెంటు 0.356 ఆంపియర్లు వస్తే:
51984 − 25600 − 20164 = 6220
0.356 × 6220 ÷ 320 = 6.92 వాట్లు

బల్బు రెసిస్టెన్స్ వేడితో మారుతుందని భయం అక్కర్లేదు. ఆ క్షణానికి ఉన్న విలువే బల్బు వోల్టేజీ ÷ కరెంటు రూపంలో సూత్రంలో ఉంది. ఎల్‌ఈడీ బల్బు మాత్రం పెట్టకండి, అది రెసిస్టర్ కాదు.

ఫేజర్
సూత్రం ఏ ఆకారపు తరంగానికైనా పనికొస్తుంది, ఎందుకంటే సప్లై వోల్టేజీ ప్రతి క్షణంలో మిగతా రెంటి మొత్తం. వర్గం చేసి సగటు తీస్తే అడ్డంగా మిగిలే పదమే మనకు కావాల్సిన పవర్. అయితే ఇందులో పెద్ద సంఖ్యల్లోంచి పెద్ద సంఖ్యలు తీసేస్తున్నాం. పై ఉదాహరణలోనే సప్లై రీడింగు ఒక్క శాతం ఎక్కువ చూపిందనుకోండి, 228 బదులు 230.3. లోపలి తేడా 6220 నుంచి 7270 దాకా పోతుంది, పవర్ 8.1 వాట్లు. ఒక శాతం తప్పు పదిహేడు శాతమైంది. అందుకే మూడు రీడింగులూ ఒకే మీటరుతో, ఒకే రేంజిలో, గబగబా తీయాలి. మధ్యలో సప్లై ఊగితే మళ్ళీ మొదటి నుంచి. ఇంత తక్కువ పవర్ ఫ్యాక్టర్ లోడుకి ఈ పద్ధతితో రెండో అంకెను నమ్మకండి.

చిప్పుచోక్
అర్థమైంది. అసలు ఆలోచన ఆర్డుయినో ఊనో అనే చిన్న మైక్రోకంట్రోలర్ బోర్డుతో వాట్‌మీటరు కట్టడం. కరెంటుకి ఎస్‌సీటీ-013-000 క్లాంప్ సీటీ (తీగ చుట్టూ పట్టే కరెంట్ ట్రాన్స్‌ఫార్మర్), వోల్టేజీకి జెడ్‌ఎంపీటీ101బీ మాడ్యూల్. ఇస్త్రీపెట్టెకి సరిగ్గా చూపిస్తోంది, మిక్సీకీ ఫ్రిజ్‌కీ మాత్రం రీడింగు తప్పుతోంది. గుణకం మార్చి ఫ్రిజ్‌కి సరిచేస్తే ఇస్త్రీపెట్టె తప్పుతోంది.

సీటీపీటీ
తమ్ముడూ, గుణకంతో కుదిరే తప్పు కాదది. ఫేజు తప్పు.

ఊనో ఒకేసారి రెండు పిన్నులు చదవలేదు. వోల్టేజీ చదివాక కరెంటు చదవడానికి దాదాపు 0.11 మిల్లీసెకను పడుతుంది. 50 హెర్ట్జ్‌లో ఒక మిల్లీసెకను 18 డిగ్రీలు, కాబట్టి ఇది 2 డిగ్రీలు. దీనికి సీటీ, వోల్టేజీ మాడ్యూల్ సొంతంగా కలిపే కోణం తోడు. 2 డిగ్రీల వల్ల వచ్చే తప్పు చూడు:

పవర్ ఫ్యాక్టర్ 1 దగ్గర – లెక్కలోకి రాదు
0.95 దగ్గర – ఒక శాతం పైచిలుకు
0.5 దగ్గర – 6 శాతం
0.2 దగ్గర – 17 శాతం

ఇస్త్రీపెట్టె సరిగ్గా చూపడం, ఫ్రిజ్ తప్పడం ఇందుకే. హీటరుతో కేలిబ్రేషన్ చేసి పని అయిపోయిందనుకునే వాళ్ళందరికీ ఇదే జరుగుతుంది.

ముందు సులువైన మందు: వోల్టేజీ, కరెంటు, మళ్ళీ వోల్టేజీ, ఈ వరసలో చదువు. రెండు వోల్టేజీల సగటును మధ్యలోని కరెంటుతో గుణించు. చదివే ఆలస్యం వల్ల వచ్చే 2 డిగ్రీలు అక్కడే పోతాయి.

సీటీ, మాడ్యూల్ కోణం పట్టుకోవాలంటే 8 మైక్రోఫారడ్‌ల మోటార్ రన్ కెపాసిటర్, 440 వోల్టుల ఏసీ రేటింగుది, లోడుగా పెట్టు. 230 వోల్టుల దగ్గర 0.58 ఆంపియర్లు, 133 వీఏ. మంచి ఫిల్మ్ కెపాసిటర్ తినే రియల్ పవర్ అర వాటు కూడా ఉండదు. నీ మీటరు 4, 5 వాట్లు చూపిస్తే, అది ప్లస్ అయినా మైనస్ అయినా, అదంతా ఫేజు తప్పే. 133 వీఏ మీద 2 డిగ్రీలంటే 4.6 వాట్లు. రీడింగు సున్నా దగ్గరికి వచ్చేదాకా ప్రోగ్రాంలో కోణం సవరించు. 0.58 ఆంపియర్లు ఆ సీటీకి చాలా తక్కువ, కాబట్టి సన్నని ఇన్సులేటెడ్ తీగను క్లాంప్ లోంచి పది చుట్లు తిప్పి, రీడింగును పదితో భాగించు. కెపాసిటర్ టెర్మినళ్ళ మీద 220 కిలో ఓమ్‌ల రెసిస్టర్లు రెండు వరసలో శాశ్వతంగా కట్టి ఉంచు, ప్లగ్గు పీకాక చార్జి దిగిపోవడానికి. అవి తినే 0.12 వాటును మాత్రం లెక్కలో ఉంచుకో.

ఫేజర్
ఇంకొన్ని చూసుకోవాల్సినవి.

బర్డెన్ రెసిస్టర్ (సీటీ ఇచ్చే కరెంటును వోల్టేజీగా మార్చేది): ఎస్‌సీటీ-013-000లో అది లోపల ఉండదు, మీరే పెట్టాలి. 100 ఆంపియర్లకు 50 మిల్లీఆంపియర్లు, శిఖరం 70.7. 5 వోల్టుల ఊనోకి 2.5 ÷ 0.0707 = 35, కాబట్టి 33 ఓమ్‌లు. 3.3 వోల్టుల బోర్డుకి 22. ఇంట్లో 30 ఆంపియర్లు దాటదనుకుని 3.3 బోర్డుకి 68 ఓమ్‌లు పెడితే సూక్ష్మత పెరుగుతుంది, సీటీ ఫేజు తప్పూ పెరుగుతుంది. రెసిస్టర్ మార్చిన ప్రతిసారీ కెపాసిటర్ పరీక్ష మళ్ళీ చేయాలి.

వోల్టేజీ మాడ్యూల్ మీది చిన్న స్క్రూ ఎక్కువ తిప్పితే తరంగం తల తెగుతుంది. రీడింగు 230 చూపించేలా తిప్పడం కాదు, సీరియల్ ప్లాటర్‌లో తల గుండ్రంగా ఉందా చూసి, 230కి గుణకం ప్రోగ్రాంలో పెట్టాలి.

ఊనోలో మామూలు పూర్ణాంకం 32767 దగ్గర తిరగబడుతుంది. నమూనాలు 200, 200 అయితేనే గుణకారం 40000. గుణించే ముందే 32 బిట్లకు మార్చాలి, గుణించాక మార్చి లాభం లేదు. రీడింగు చిన్న లోడుకి బాగుండి పెద్ద లోడుకి పిచ్చిగా గెంతితే మొదట ఇది చూడండి.

సగటు పూర్తి సైకిళ్ళ మీదే తీయాలి. 200 మిల్లీసెకన్ల కిటికీ సైకిల్ మధ్యలో తెగితే వీఏలో 1.6 శాతం దాకా అటూ ఇటూ ఊగుతుంది. పవర్ ఫ్యాక్టర్ 0.2 లోడులో అది రియల్ పవర్‌లో 8 శాతం. జీరో క్రాసింగ్ దగ్గర మొదలెట్టి జీరో క్రాసింగ్ దగ్గర ఆపండి. ఫ్రీక్వెన్సీ సరిగ్గా 50 మీద ఉండదు కాబట్టి "200 మిల్లీసెకన్లంటే పది సైకిళ్ళు" అన్న నమ్మకం వద్దు.

వోల్టేజీ మాడ్యూల్ డబ్బులు మిగులుతాయని రెసిస్టర్లతో 230ని నేరుగా బోర్డుకి దించకండి. బోర్డు గ్రౌండు మెయిన్స్‌కి అంటుకుంటుంది. యూఎస్‌బీ తీగ పెట్టగానే ల్యాప్‌టాప్ బాడీకి కూడా కరెంటు వస్తుంది.

రెండోరీడింగ్
మరి కంప్యూటర్? పాత ఎస్‌ఎంపీఎస్ (దాని పవర్ సప్లై పెట్టె), 230 వోల్టులు, 0.8 ఆంపియర్లు, ప్లగ్ మీటరులో 115 వాట్లు. పవర్ ఫ్యాక్టర్ 0.625. దీనికి ఎన్ని మైక్రోఫారడ్‌లు కట్టాలి?

ఫేజర్
ఒక్కటి కూడా వద్దు. 0.625 సంఖ్య సరే, కాకపోతే ఇక్కడ కరెంటు వెనకబడలేదు, ఆకారం చెడింది. పీఎఫ్‌సీ (పవర్ ఫ్యాక్టర్ సరిదిద్దే సర్క్యూట్) లేని ఎస్‌ఎంపీఎస్ వోల్టేజీ శిఖరం దగ్గర మాత్రమే గబుక్కున కరెంటు లాగుతుంది. వోల్టేజీ దాదాపు సైన్ కాబట్టి కరెంటులోని 50 హెర్ట్జ్ భాగమే పవర్ మోస్తుంది. 150, 250 హెర్ట్జ్ భాగాలు ఆర్‌ఎంఎస్‌ని పెంచుతాయి, వాట్లలోకి రావు. 50 హెర్ట్జ్ భాగానికి కాస్ ఫై 0.98 అనుకుంటే మిగతా 0.638 అంతా వంకర వల్ల వచ్చిందే, అంటే కరెంటు టీహెచ్‌డీ (50 హెర్ట్జ్ భాగంతో పోలిస్తే మిగతా భాగాలన్నీ కలిపి ఎంత అన్న కొలత) 120 శాతం చొప్పున ఉన్నట్టు. కెపాసిటర్ కడితే ఉన్నదానికి ఇంకో రియాక్టివ్ కరెంటు తోడవుతుంది.

ఇలాంటి లోడు దగ్గర ట్రూ ఆర్‌ఎంఎస్ కాని క్లాంప్ మీటరు కరెంటు తక్కువ చూపిస్తుంది. అది సగటు తీసి 1.11తో గుణించేస్తుంది, ఆ 1.11 సైన్ తరంగానికే చెల్లుతుంది. ఆ తక్కువ కరెంటుతో పవర్ ఫ్యాక్టర్ కడితే ఉన్నదానికంటే బాగున్నట్టు కనిపిస్తుంది.

పాత చోక్ ట్యూబ్‌లైట్ దీనికి సరిగ్గా ఎదురు. 0.43 ఆంపియర్లు, 99 వీఏ, రియల్ పవర్ 52 వాట్ల దగ్గర. అక్కడ వెనకబాటు నిజమైనదే. 3.3 మైక్రోఫారడ్‌లు అడ్డంగా కడితే 55 వీఏఆర్ తగ్గి కరెంటు 0.26కి దిగుతుంది.

బోరుపంపు_415
చివరిగా ఒకటి. పక్క బ్లాకులో పెద్ద లోడు, సీటీలు పెట్టిన సబ్ మీటరు ఉంది. మూడు ఫేజుల్లో కరెంటు దాదాపు సమానం, ప్యానెల్‌లో ఆంపియర్లు బాగానే కనిపిస్తాయి. సబ్ మీటరు మాత్రం మెయిన్ మీటరులో మూడో వంతే తిరుగుతోంది. సబ్ మీటరు పాడైందా?

సీటీపీటీ
మీటరు మంచిదే అయ్యుండొచ్చు. సరిగ్గా మూడో వంతు అంటే ఒక సీటీ తిరగబడి ఉంది. మూడు సమాన భాగాల్లో రెండు ప్లస్, ఒకటి మైనస్. ఆంపియర్ రీడింగుకి దిశ ఉండదు కాబట్టి ప్యానెల్‌లో తేడా తెలియదు.

ఇంకా ఒక రకం ఉంది. ఆర్ సీటీ తీగలు వై చోట, వై తీగలు ఆర్ చోట కలిపితే లోడు సమంగా ఉన్నంతసేపూ పవర్ సున్నా చూపిస్తుంది, పవర్ ఫ్యాక్టర్ ఎంతైనా సరే. మూడూ ఒక్కో స్థానం జరిగితే కోణానికి 120 డిగ్రీలు కలుస్తుంది లేదా పోతుంది. మీ బోరు మోటారు లాంటి 39 డిగ్రీల లోడుకి అసలు 0.777 ఉండాల్సిన చోట ఒక వైపు 0.16, ఇంకో వైపు మైనస్ 0.93 వస్తుంది.

మీటరులో ఒక్కో ఫేజుకీ విడిగా కిలోవాట్లు చూపే పేజీ ఉంటే బటన్ నొక్కుతూ పోండి. మైనస్ గుర్తు ఏ ఫేజు దగ్గర ఉంటే ఆ సీటీ ఎస్1, ఎస్2 తీగలు అటుదిటు మార్చాలి. మార్చే ముందు లోడు ఆపండి. ఆపడం కుదరకపోతే సీటీ సెకండరీని టెర్మినల్ బ్లాకులోని లింకుతో షార్ట్ చేశాకే తీగ విప్పండి. లోడు మీద సెకండరీ తెరిచి ఉంచితే దాని మీద వందల, వేల వోల్టులు లేస్తాయి. మార్చాక ఒక రోజు మెయిన్ మీటరుతో పక్కపక్కన రాసి చూడండి. సీటీ నిష్పత్తి మీటరులో 100/5 పెట్టి ఉండగా సీటీ మీద 200/5 అని ఉంటే అప్పుడు కూడా సగమే వస్తుంది, కాబట్టి ఆ ప్లేటు కూడా ఒకసారి చదవండి.